ఎంచుకోని దారిలో ఎవరున్నారు?

కిందటి వేసవిలో మా అక్క కూతురు నాలుగు రోజులు ఉండటానికి మా ఇంటికి వచ్చింది. వీడియో గేమ్‌లు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తుంది. రాత్రి భోజనాలయ్యాక తను లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఒక ఆడగొంతు వినిపించి తలెత్తి చూశాను. తెరమీద పాత వీడియో టేపు రంగుల్లో ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని ఎవరికో జవాబు చెబుతోంది. చెప్పి ఆగిపోయింది. మా పిల్ల ఇంగ్లీషులో 'భర్త' అనే మాట టైపు చేసింది. అదే స్త్రీ వేరే బట్టల్లో, వేరే రోజున మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏ సీరియలే ఇది?" అన్నాను.

"సీరియల్ కాదు పిన్నీ, గేమ్."

నాకు తెలిసిన గేమ్‌లంటే కార్లు, తుపాకులు, బస్సులో పక్క సీటు కుర్రాడు ఫోన్‌లో చేసే యుద్ధాలు. ఇందులో ఒక మనిషి ఉంది. బొమ్మ కాదు, కెమెరా ముందు కూర్చున్న నిజం మనిషి. తడబడుతుంది, నవ్వుతుంది, కాఫీ తాగుతుంది. పేపర్లు పక్కన పెట్టేశాను. ఆ రాత్రి ఇద్దరం రెండు గంటలదాకా కూర్చున్నాం.

'హర్ స్టోరీ' అని 2015లో శామ్ బార్లో చేసిన ఆట అది. తెరమీది స్త్రీ వీవా సైఫర్ట్ అనే నటి. కథ ప్రకారం 1994లో బ్రిటన్‌లో ఆమె భర్త కనిపించకుండా పోయాడు. పోలీసులు ఆమెను ఏడుసార్లు ప్రశ్నించారు. ఆ టేపులన్నిటినీ 271 చిన్న ముక్కలుగా కోసి ఒక పాత పోలీసు కంప్యూటర్లో పెట్టారు. ఆడేవాళ్ళు చెయ్యగలిగింది ఒకటే. ఒక మాట టైపు చేస్తే, ఆమె నోట ఆ మాట వచ్చిన ముక్కలు దొరుకుతాయి. అవి ఎన్ని ఉన్నా మొదటి ఐదే కనిపిస్తాయి. మిగతావి కావాలంటే ఇంకో మాట ఆలోచించుకోవాలి. పోలీసుల ప్రశ్నలు మాత్రం ఎక్కడా లేవు. అన్నీ ఆమె జవాబులే.

ఒక స్త్రీ మాటను ఇంత శ్రద్ధగా విన్న కళారూపం ఈ మధ్య నేను చూడలేదని మొదట సంబరపడ్డాను. కాల్చేది లేదు, గెంతేది లేదు, గెలవాలంటే వినాలి. కానీ రాత్రి ఒంటిగంట దాటేసరికి నేనేం చేస్తున్నానో నాకు తెలిసొచ్చింది. ఆమె కళ్ళు తుడుచుకున్న చోట వెనక్కి తిప్పమంటున్నాను. నిజంగా ఏడ్చిందా అని చూస్తున్నాను. మొన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ పొంతన లేదని పేపరు మీద రాసుకుంటున్నాను. ప్రశ్నలు తెరమీద లేకపోవటానికి కారణం నాకప్పుడు అర్థమైంది. వాటిని నేనే అడుగుతున్నాను. ఆ ఖాళీ కుర్చీ నాకోసమే వేశారు.

ఆడవాళ్ళ వాంగ్మూలాల చరిత్ర తెలిసినవాళ్ళెవరూ ఆ కుర్చీలో తేలిగ్గా కూర్చోలేరు. 1978లో హైదరాబాద్‌లో పోలీసులు రమీజాబీ మీద అత్యాచారం చేసి, అదేమని అడిగిన భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు విచారణ జరిగినప్పుడు పోలీసుల తరపువాళ్ళు ఆమె జవాబుల్లోంచే ఆమె నడవడిని వెతికారు, ఆమె వేశ్య అని రుజువు చెయ్యబోయారు. కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు రాయచూరు కోర్టుకు మారి 1981లో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రశ్నలు తీసేసి జవాబులు మాత్రమే మిగిల్చితే ఏ స్త్రీ అయినా ఏదో దాస్తున్నట్టే కనిపిస్తుంది. ఇప్పుడు కెమెరా కూడా వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అత్యాచారానికి గురైన స్త్రీ వాంగ్మూలాన్ని మొబైల్ ఫోన్‌తో సహా ఏ ఆడియో వీడియో సాధనంతోనైనా రికార్డు చెయ్యవచ్చునంటోంది. ఆమెను పదిసార్లు చెప్పించే బాధ తప్పించటానికి అది పనికొస్తుందని నేనూ నమ్ముతాను. అయితే ఆ వీడియోను కూర్చోబెట్టి, వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి చూసే చూపు ఒకటి ఉంటుంది. అది ఎలా ఉంటుందో ఒక రాత్రంతా నా వేళ్ళతో నాకే తెలిసింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఈ రకం ఆటల వెంట పడ్డాను. మా పిల్ల పంపినవి కొన్ని చూశాను, కొన్నిటి గురించి చదివాను. తెలుగులో మనకు ఒక సౌకర్యం ఉంది. సినిమాని కూడా 'ఆట' అనే అంటాం, మొదటాట, రెండో ఆట అని. సినిమా 'ఆడుతుంది'. నాట్యం చేసే స్త్రీకి 'ఆటవెలది' అని పేరుపెట్టి, ఆ పేరే ఒక పద్యానికీ పెట్టుకున్నాం. ఎవరు ఆడుతున్నారు, ఎవరు ఆడిస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అన్న చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. వీడియో గేమ్‌లో సినిమా కలిసినప్పుడు ఆ చిక్కు బయటపడుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. కంప్యూటర్లకు సీడీలు వచ్చాక, 1990ల మొదట్లో, అందులో పట్టేంత వీడియో పెట్టాలని ఆటల కంపెనీలన్నీ ఉత్సాహపడ్డాయి. 1993లో వచ్చిన 'మిస్ట్'లో దాన్ని తయారుచేసిన అన్నదమ్ములే కెమెరా ముందు నటించారు. తర్వాత త్రీడీ బొమ్మలు బాగుపడటంతో, ప్రతి మలుపుకీ వేరే సన్నివేశం తియ్యాల్సిన ఈ ఖర్చు పద్ధతి మూలబడింది. దాన్ని 2015లో మళ్ళీ గౌరవంగా నిలబెట్టినవాటిలో 'హర్ స్టోరీ' ఒకటి. మధ్యలో జరిగినవాటిలో నాకు ముఖ్యమైనవి రెండు.

మొదటిది 'నైట్ ట్రాప్'. 1987లోనే చిత్రీకరించి, ఆ యంత్రం మార్కెట్టుకు రాకపోవటంతో అటకెక్కించి, చివరికి 1992లో సెగా సీడీ మీద విడుదల చేశారు. ఒక ఇంట్లో రాత్రికి కొందరు అమ్మాయిలు బస చేస్తారు. రక్తం పీల్చే ఆకారాలు లోపలికి చొరబడతాయి. ఇంట్లోని ఎనిమిది చోట్ల రహస్య కెమెరాలున్నాయి. మనం ఆ కెమెరాల్లో చూస్తూ, సమయానికి మీట నొక్కి ఆ ఆకారాలను బంధించాలి. మన పని అమ్మాయిలను కాపాడటం. 1993 డిసెంబర్ 9న అమెరికా సెనేట్‌లో జో లీబర్మన్, హెర్బ్ కోల్ అనే సెనేటర్లు నడిపిన విచారణలో ఈ ఆటను బోనెక్కించారు. నైట్ గౌన్‌లో ఉన్న ఒక అమ్మాయిని ఆ ఆకారాలు పట్టుకునే దృశ్యాన్ని చూపించి, ఆడవాళ్ళను బంధించి చంపటమే ఈ ఆట ఉద్దేశమన్నారు. అది తప్పు. ఆ దృశ్యం వచ్చేది మనం కాపాడలేకపోయినప్పుడు. తయారుచేసినవాళ్ళు ఆ మాటే చెప్పుకున్నారు. చివరికి 1994లో ఆటలకు వయసు గుర్తులు వేసే ఒక బోర్డు ఏర్పడింది. అందరూ గెలిచినట్టే ఇళ్ళకు పోయారు.

ఆ వాదనలో రెండు పక్షాలూ మాట్లాడింది చూసే పిల్లవాడి గురించే. అతను చెడిపోతాడా, చెడిపోడా? నైట్ గౌన్ వేసుకుని స్నానాల గదిలో నిలబడి, కెమెరా కోసం అరిచిన ఆ నటి గురించి ఆ గొడవలో చోటు లేదు. అప్పటినుంచీ ఇప్పటిదాకా వీడియో గేమ్‌ల నీతి గురించి జరిగే చర్చ ఎక్కువగా అక్కడే తిరుగుతోందని నాకనిపిస్తుంది. ఆడేవాడి మనసు ఏమవుతుంది? చెడు ఎంచుకుంటే మంచివాడు కాకుండా పోతాడా? అన్నీ అతని ఆత్మ చుట్టూనే.

(ఆ ఆటలో ఒక తమాషా ఉంది. ఎనిమిది గదుల్లోనూ కథ ఒకేసారి నడుస్తుంటుంది. అమ్మాయిలు మాట్లాడుకునేది వింటూ కూర్చుంటే ఇంకో గదిలో ఆకారాలు తప్పించుకుపోతాయి. గెలవాలంటే కథనీ, అమ్మాయిలనీ వదిలి ఖాళీ గదులు చూడాలి. కాపాడేవాడు వాళ్ళను చూడకూడదు. తయారుచేసినవాళ్ళు ఇంత ఆలోచించి చేశారని నేననుకోను.)

రెండోది, నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టింది, 'ఫాంటస్మగోరియా'. 1995లో సియెర్రా కంపెనీ నుంచి ఏడు సీడీలుగా వచ్చింది. దీన్ని రాసింది, రూపొందించింది ఒక స్త్రీ, రొబెర్టా విలియమ్స్. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ల మీద బొమ్మలతో కథ చెప్పే ఆటలు 1980లో మొదలైంది ఆమె 'మిస్టరీ హౌస్'తోనే. 1988లో తన 'కింగ్స్ క్వెస్ట్' వరసలో రాజకుమారుడికి బదులు రాజకుమారి రొసెల్లాను నాయికను చేసిందామె. 'ఫాంటస్మగోరియా' నాయిక అడ్రియన్ ఒక రచయిత్రి. ఫోటోగ్రాఫర్ అయిన భర్తతో ఒక పాత బంగళాకి వస్తుంది. తన నవల రాసుకుందామనుకుంటుంది. ఆ బంగళా ఒకప్పుడు తన భార్యలను ఒకరి తర్వాత ఒకరిని చంపిన ఒక గారడీవాడిది. అందులో బందీగా ఉన్న దుష్టశక్తి బయటపడి భర్తను ఆవహిస్తుంది. మంచివాడైన భర్త క్రమంగా అరవటం, అనుమానించటం మొదలుపెడతాడు. ఒకరోజు భార్య మీద అత్యాచారం చేస్తాడు.

ఇంట్లో రాసుకోవాలనుకున్న స్త్రీకి ఇంట్లోంచే వచ్చే భయం గురించి మనం ఎన్ని కథలు రాశాం! ఆ దుష్టశక్తిని పక్కన పెడితే ఇది మనకు తెలిసిన ఇల్లే. భార్యపై భర్త చేసేదాన్ని అత్యాచారమని మన చట్టం నేటికీ ఒప్పుకోలేదు. ఆ ఆట 1995లోనే దాన్ని అత్యాచారంగానే చూపింది. ఆస్ట్రేలియా దానికి అనుమతి నిరాకరించింది. అమెరికాలో కొన్ని దుకాణాలు అమ్మమన్నాయి. మొదట నేను రొబెర్టా పక్షాన వాదించటానికే సిద్ధపడ్డాను.

కానీ అడ్రియన్‌గా వేసిన విక్టోరియా మోర్సెల్ అనే నటి ఉంది. ఆ ఆటలో చాలావరకు ఇల్లూ సామానూ కంప్యూటర్లో గీసినవి. ఆమె ఒక్కతే నిజం. నీలం తెర ముందు నెలల తరబడి నడిచింది, తలుపులు తెరిచింది, మెట్లెక్కింది, భయపడింది. చివరి అధ్యాయంలో మన ఎంపిక తప్పితే అడ్రియన్ ఘోరంగా చచ్చిపోతుంది. మళ్ళీ ఆడి సరిగ్గా చేస్తే బతుకుతుంది. మనకు బతికిన అడ్రియన్ ఉంది, చచ్చిన అడ్రియన్ ఉంది. విక్టోరియాకు రెండూ ఉన్నాయి. ఆ ఆటలో ఇంకో ఏర్పాటు కూడా చేశారు. పెద్దవాళ్ళు పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఘోరమైన దృశ్యాలు కనిపించవు. ఎవరికి కనిపించవు? చూసేవాళ్ళకి.

నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. కథలో 'నువ్వు ఎంచుకో' అన్నప్పుడు ఆ ఎంపిక నైతికమైనదని నాకు చెబుతున్నారు. ఆమెను చెంపదెబ్బ కొట్టాలా, క్షమించి వదిలెయ్యాలా? నేను వదిలేస్తాను. నా చేతులు శుభ్రం. గీసిన బొమ్మల ఆటలో ఆ మాట ఒక మేరకు నిజమే, నేను కొట్టకపోతే దెబ్బ ఎక్కడా లేదు. నిజం మనిషితో తీసిన ఆటలో దెబ్బ ఎప్పుడో పడిపోయింది. నేను ఎంచుకోకముందే, ఏ ఊళ్ళోనో ఏ స్టూడియోలోనో, రెండు దారులూ చిత్రీకరించి పెట్టుకున్నారు. నేను వద్దన్న దారిలో కూడా ఆమె నిలబడింది. నా మంచితనం వల్ల ఆమెకు ఒక్క టేకు కూడా తగ్గలేదు.

ఇది నాకు ఎందుకింత గుచ్చుకుందో చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో, ఒక టీవీ నాటకంలో చిన్న వేషం వేశాను. కోడలిని. ఆడపడుచు భర్త కోడలిని చెంపమీద కొట్టే సన్నివేశం. నిజంగా తగలదని చెప్పారు. మొదటిసారి తగల్లేదు, దెబ్బ దొంగదెబ్బలా ఉందన్నారు. రెండోసారి తగిలింది కానీ నేను ముందే కళ్ళు మూసుకున్నానన్నారు. మూడోసారి లైటు. అలా తొమ్మిది టేకులు. కొట్టిన ఆయన మంచివాడే, ప్రతిసారీ "సారీ అమ్మా" అనేవాడు. ఇంటికొచ్చేసరికి చెంప వాచింది. అమ్మ అడిగితే పంటినొప్పి అన్నాను, నాటకాలకి మళ్ళీ పంపదని. ప్రసారమైంది తొమ్మిదో టేకు. ఆ ఊరు ఊరంతా ఒక్క దెబ్బ చూసింది. ఎనిమిది దెబ్బలు నా దగ్గర ఉండిపోయాయి.

సినిమాలో మిగిలిన టేకులు పారేస్తారు. ఆటలో పారెయ్యరు, వాటికి ఒక్కోదానికి ఒక్కో మీట పెడతారు. 'ఇలా జరిగి ఉంటే', 'అలా జరిగి ఉంటే' అని. చూసేవాళ్ళకి అవి అవకాశాలు. చేసిన ఒంటికి అవన్నీ జరిగినవే, ఒకదాని తర్వాత ఒకటి, వరసగా.

ఇదంతా మా పిల్లకు ఫోన్‌లో చెప్పాను. ఓపిగ్గా విన్నది. తర్వాత అన్నది, "పిన్నీ, నీకు నటి కనిపించటం లేదు. ఆడమనిషి ఒళ్ళు మాత్రమే కనిపిస్తోంది."

నాకు కోపం వచ్చింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. తను చెప్పింది ఇది. వీవా సైఫర్ట్‌ను అయ్యో పాపం అని చూస్తే ఆమె చేసిన పనిని చూడనట్టే. 271 ముక్కలు ఎవరు ఏ వరసలో చూస్తారో తెలియదు. ఏ ముక్క ముందొచ్చినా అది అబద్ధంలాగా, నిజంలాగా రెండు రకాలుగా నిలబడాలి. అలా నటించటం సినిమా నటన కంటే కష్టం. ఆమె సంగీతకారిణి, అంతకుముందు 1992 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున జిమ్నాస్టిక్స్ చేసిన మనిషి. ఒంటిని ఎలా వాడాలో ఆమెకు తెలుసు. "నువ్వు తొమ్మిది దెబ్బలు తిన్నావంటే అది నటన వల్ల కాదు, వాళ్ళకి పని రాకపోవటం వల్ల. దెబ్బ తగలకుండా తగిలినట్టు చూపించటమే కదా వాళ్ళ వృత్తి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆడవాళ్ళ శ్రమను బాధగా తప్ప చూడలేని అలవాటు మన విమర్శలోనూ ఉంది. ఇల్లు ఊడ్చే స్త్రీ గురించి రాసినప్పుడు ఆమె నడుంనొప్పి రాస్తాం గానీ ఆమె నైపుణ్యం రాయం. నటి విషయంలో నేను చేసింది అదే. ఏడ్చిన స్త్రీ బాధపడిందని అనుకోవటం, ఏడవటం ఆమెకు తెలిసిన విద్య అనుకోకపోవటం, అది కూడా పితృస్వామ్యం నేర్పిన చూపే.

అయినా నా ప్రశ్న పోలేదు, చోటు మార్చుకుంది. విద్య అయితే ఆ విద్యకు ఒప్పందం ఉంటుంది. నటి దేనికి ఒప్పుకుంది, ఒప్పుకునేటప్పుడు ఆమెకు ఏం తెలుసు? 1972లో వచ్చిన 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్'లో పందొమ్మిదేళ్ళ మరియా ష్నైడర్‌కు ఒక సన్నివేశంలో జరగబోయే వివరం ముందు చెప్పలేదు. ఆ అవమానం గురించి ఆమె 2007లో బయటికి మాట్లాడింది. దర్శకుడు బెర్తొలూచి 2013లో, ఆమె చనిపోయాక, తనకు నటి స్పందన కాక అమ్మాయి స్పందన కావాలనిపించి చెప్పలేదని ఒప్పుకున్నాడు. అంటే ఆమె విద్యను ఆయన కావాలనే పక్కకు నెట్టేశాడు. మా పిల్ల చెప్పిన వాదానికి ఇది వెనకవైపు. నటిని నటిగా చూడనివాడే ఆమెను గాయపరుస్తాడు.

ఆటలో ఈ ఒప్పందం మరీ జారుడు. సినిమా నటికి తన దృశ్యం ఏ వరసలో వస్తుందో కొంతైనా తెలుస్తుంది. ఆటలో తన ముఖాన్ని ఎవరు ఎక్కడ ఆపుతారో, ఎన్నిసార్లు తిప్పుతారో, ఏ మాట పక్కన ఏ మాట పెడతారో ఆమెకు తెలియదు. బొమ్మలైతే ఇబ్బంది లేదనుకోవటానికి కూడా ఇప్పుడు వీల్లేదు. నేటి బొమ్మలు నటీనటుల ఒంటికి చుక్కలంటించి వాళ్ళ కదలికలోంచి తీసినవి. అమెరికాలో వీడియో గేమ్ నటులు 2024 జూలైలో మొదలుపెట్టి సుమారు ఏడాదిపాటు చేసిన సమ్మెలో ముఖ్యమైన గొడవ అదే. తమ గొంతునీ కదలికనీ తీసుకుని కృత్రిమ మేధతో తాము చెయ్యనివి చేయిస్తే ఎలా? ముందు చెప్పాలి, ఒప్పించాలి, డబ్బివ్వాలి అన్నారు. 2025లో ఒప్పందం కుదిరింది. నా ఎనిమిది టేకుల కథ వాళ్ళకు పాతకాలపు కథ. వాళ్ళ భయం తాము అసలు ఇవ్వని తొమ్మిదో టేకు గురించి.

ఒప్పందం, జీతం అన్నీ సవ్యంగా ఉన్నా మిగిలే సంగతి ఇంకొకటి ఉంది. 2023లో చైనాలో విపరీతంగా ఆడిన ఒక ఆటలో, ఇంగ్లీషులో దానిపేరు 'లవ్ ఈజ్ ఆల్ అరౌండ్', ఆరుగురు ఆడవాళ్ళు నేరుగా కెమెరాలోకి చూస్తూ మనల్ని ప్రేమిస్తారు. మనం అంటే ఒక మగవాడు. 1975లో లారా మల్వీ సినిమా చూపు మగవాడి చూపు అని రాసినప్పుడు, ఆ చూపు దొంగచూపుగా ఉండటంలోనే దాని సుఖం ఉందని చెప్పింది. తెరమీది స్త్రీ తిరిగి చూస్తే ఆ సుఖం చెదురుతుంది. ఇక్కడ తిరిగి చూడటాన్నే సరుకు చేశారు. ఆ నటీమణులకు పేరొచ్చింది, అభిమానులొచ్చారు, వాళ్ళ పని వాళ్ళు చేశారు, సరే. 2025 జూన్‌లో అక్కడే, డబ్బు కోసం మగవాళ్ళను వాడుకునే ఆడవాళ్ళ మీద పగ తీర్చుకునే మరో ఆట వచ్చింది. గొడవ కావటంతో మర్నాటికే పేరు మార్చుకుంది. ఈ రెండు ఆటలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, ఎక్కువ చెప్పనక్కర్లేదు. మొదటిదాంట్లో ఎంచుకునేది ఏ స్త్రీ ప్రేమ అని, రెండోదాంట్లో ఎంచుకునేది ఏ స్త్రీ దొంగ అని.

నేను చూసినవాటిలో నా ప్రశ్న దగ్గరికి వచ్చింది మళ్ళీ శామ్ బార్లోనే, 2022 నాటి 'ఇమ్మోర్టాలిటీ'తో. మరిస్సా మార్సెల్ అనే కల్పిత నటి మూడు సినిమాలు చేసిందట, 1968లో, 1970లో, 1999లో. మూడూ విడుదల కాలేదు, ఆమె ఏమైందో తెలియదు. మన చేతికి మిగిలిపోయిన రీళ్ళు వస్తాయి. ఆడిషన్లు, రిహార్సల్స్, క్లాప్ బోర్డులు, పాడైన టేకులు. తెరమీద ఒక వస్తువునో ముఖాన్నో నొక్కితే అలాంటిదే ఉన్న ఇంకో ముక్కలోకి దూకుతాం. మరిస్సాగా వేసిన మానన్ గేజ్ 'కట్' అన్నాక ఏం చేస్తుందో మనం చూస్తాం. దర్శకుడు 'కట్' అంటాడు, ఆమె ముఖం ఒక్క క్షణం ఎవరిదీ కాకుండా అవుతుంది, తర్వాత నవ్వుతుంది, శాలువా ఇస్తారు, కప్పుకుంటుంది. ఆ ఒక్క క్షణాన్ని నేను చాలాసార్లు చూశాను. నా చెంపమీద ఎనిమిదిసార్లు వచ్చిపోయిన క్షణం అది. ఎవరూ చూడలేదనుకున్నది.

కానీ ఆ 'కట్' తర్వాతి ముఖం కూడా నటనే కదా! దానికీ వేరే 'కట్' ఉంది, అది మనకు చూపించలేదు. దర్శకుడి చేతిలో నటి నలగటం గురించి చెప్పే ఈ ఆటలో, ఆ కథ చెప్పటానికి ఇంకో నటి బట్టలు విప్పి కెమెరా ముందు నిలబడింది. దాన్ని కూడా నేను ఆపి, వెనక్కి తిప్పి చూశాను. ఇది విమర్శా, పునరావృతమా? మేం చాలాసేపు వాదించుకున్నాం. మా పిల్ల విమర్శే అంటుంది. మానన్ గేజ్ లేకపోతే ఆ ఆటే లేదు, అక్కడ అసలు రచయిత ఆమె అంటుంది. నాకు రోజుకొక రకంగా అనిపిస్తోంది. రొబెర్టా విలియమ్స్ గురించి కూడా నేనింకా తేల్చుకోలేదు. స్త్రీ రాసింది కాబట్టి ఆ సన్నివేశం వేరు అనాలనుంది. రాసినంత మాత్రాన నీలం తెర ముందు నిలబడే మనిషికి ఏం తేడా పడుతుందని కూడా ఉంది. రాసేవాళ్ళం కదా మనం. మన పాత్రలను ఎన్ని బాధలు పెట్టినా కాగితం మీద ఎవరికీ చెంప వాయదు. ఆ వెసులుబాటు మనకెంత అలవాటంటే, అది ఉందని కూడా మర్చిపోతాం.

దసరాకి మా పిల్ల మళ్ళీ వచ్చింది. 'హర్ స్టోరీ' ఆ వేసవిలో సగంలో వదిలేశామని, పూర్తిచేద్దామన్నది. ఈసారి నేను ఏడుపుల దగ్గర వెనక్కి తిప్పలేదు. ఆమె నవ్విన ముక్కలు, పాట పాడిన ముక్క, నీళ్ళడిగిన ముక్క, పనికిరానివి అన్నీ అడిగి చూశాను. "ఇలా అయితే కేసు తేలదు పిన్నీ" అని అది నవ్వింది. మధ్యలో అడిగింది, "ఆ ఎనిమిది టేకులు ఎక్కడున్నాయో?" ఆ రోజుల్లో టేపు ఖరీదు, దానిమీదే ఇంకేదో తీసేసి ఉంటారన్నాను. దొరికితే చూస్తావా అంది. నువ్వు పక్కనుంటే చూస్తానన్నాను.

ఆట చివరికొచ్చేసరికి తెల్లవారుఝాము అయింది. అప్పుడు తెలుస్తుంది, ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చున్నది పోలీసు కాదు. అద్దంలా మెరిసే తెరలో ఉండి ఉండి ప్రతిఫలించిన ముఖం ఆ ఇంటి కూతురిది. నీ తల్లి ఎందుకలా చేసిందో నీకర్థమైందా అని తెరమీద అడుగుతారు. అవును, కాదు, రెండే జవాబులు. మా పిల్ల లాప్‌టాప్ నావైపు జరిపింది.

"నువ్వు నొక్కు పిన్నీ."

వేలు రెండు మీటల మధ్య పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అది కాఫీ కలపటానికి లేచివెళ్ళింది.